ఎర్రగుంట్ల బండ మీది గవ్వ, ట్రేలోని ఐదు చిప్పలు

అమ్మా, మీరు అడిగినవి రెండు. ఎర్రగుంట్ల దగ్గర క్వారీ నుంచి ఇంటి అరుగుకు తెప్పించిన నాపరాయి అంచున బొటనవేలి గోరంత గవ్వ ముద్ర కనిపించింది, అది తొలి కేంబ్రియన్ కాలపు బ్రాకియోపాడ్, అంటే రెండు చిప్పల నడుమ బతికే సముద్రజీవి, కావచ్చా అన్నది మొదటిది. ఎమ్మెస్సీ ప్రాక్టికల్ ట్రేలో చీటీలు ఊడిపోయిన ఐదు తొలి కేంబ్రియన్ నమూనాలు ఉన్నాయి, చూస్తే అన్నీ గోళ్లలాగే ఉన్నాయి, వేటిని ఎక్కడ పెట్టాలి అన్నది రెండోది. ఈ కడప జిల్లాలోనే ముప్పై ఏళ్లకు పైగా ఈ పాఠం చెప్పాను కాబట్టి రెండిటికీ నిలకడగా జవాబు చెబుతాను.

బండ సంగతి ముందు తేల్చేద్దాం. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు తీసే ఆ రాయి నార్జి సున్నపురాయి. కర్నూలు గ్రూపు అనే రాతి పొరల వరసలో అడుగున బనగానపల్లె క్వార్ట్‌జైట్ (గట్టిపడిన ఇసుకరాయి), దాని మీద నార్జి, ఆ పైన అవుకు షేల్ (రేకులుగా విడిపోయే బురదరాయి), పాణ్యం క్వార్ట్‌జైట్, కోయిలకుంట్ల సున్నపురాయి, అన్నిటికీ పైన నంద్యాల షేల్. బస్సు కండక్టరు ఊళ్ల పేర్లు పిలిచినట్టుంటుంది ఈ వరస. 1872లో విలియం కింగ్ జియలాజికల్ సర్వే మెమాయిర్‌లో కడప, కర్నూలు రాళ్ల గురించి వివరంగా రాశాడు. అప్పటి నుంచి ఎందరో ఈ సున్నపురాళ్లను పగలగొట్టి చూశారు, బ్రాకియోపాడ్ అని అందరూ ఒప్పుకున్న చిప్ప ఒక్కటీ రాలేదు. కర్నూలు గ్రూపును నియోప్రొటెరోజోయిక్ కింద, అంటే కేంబ్రియన్‌కు ముందటి కాలం కింద లెక్కిస్తారు. కేంబ్రియన్ మొదలైంది సుమారు 53.9 కోట్ల ఏళ్ల కిందట. చిప్ప కట్టుకునే బ్రాకియోపాడ్లు ఆ తర్వాత గానీ రాలేదు.

దాని కింద ఉండే కడప రాళ్లయితే ఇంకా పాతవి. పులివెందుల దగ్గర తాడిపత్రి ఫార్మేషన్ పొరల్లోకి చొచ్చుకొచ్చి గడ్డకట్టిన శిలాద్రవపు పలక (సిల్) వయసే సుమారు 188 కోట్ల ఏళ్లు. వేంపల్లె సున్నపురాళ్లు దానికంటే ముందువి. వేంపల్లె రాళ్లలో ఉల్లిపాయను అడ్డంగా కోసినట్టు పొరలు పొరలుగా గుండ్రాలు కనిపిస్తాయి, వాటినీ చాలామంది గవ్వలనే అనుకుంటారు. అవి స్ట్రొమాటొలైట్లు, సూక్ష్మజీవులు పొర మీద పొర పేర్చి కట్టినవి. మన జిల్లాకు అదే పెద్ద సంపద, గవ్వ కాలేదని చిన్నచూపు చూడకండి.

మరి మీ బండ మీద ఉన్నది ఏమిటి? మీ వర్ణనలోనే జవాబు ఉంది. ముద్ర బండ నడుమ లేదు, సరిగ్గా అంచున ఉంది అన్నారు. కొన తిరిగింది కూడా అంచు వైపుకే అన్నారు. అది ఉలి దెబ్బ. నార్జి రాయి రేణువు చాలా సన్నం. అలాంటి రాయి దెబ్బ తగిలిన చోటు నుంచి లోపలికి అలలు అలలుగా విరుగుతుంది. దెబ్బ పడిన బిందువు చిప్ప ముక్కులా ఉంటుంది. అలలు పెరుగుదల గీతల్లా ఉంటాయి. వాటికి అడ్డంగా విసనకర్రలా విచ్చుకున్న సన్న చీలికలు చిప్ప మీది కమ్ముల్లా కనిపిస్తాయి. దీన్ని కాంకాయిడల్ విరుపు అంటారు, ఆ మాటకు అర్థమే చిప్పలాంటిది అని. రాతియుగపు మనిషి చెక్కిన పెచ్చును మామూలు పెచ్చు నుంచి వేరు చేయడానికి కూడా ఈ దెబ్బ గుర్తే ఆధారం.

నా మాట మీద నమ్మవద్దు, మీరే చూడండి. పది రెట్ల లెన్సు పెట్టి ముద్ర అంచును పక్క నుంచి చూడండి. చిప్పే అయితే రాయికీ దానికీ నడుమ వేరే పదార్థం సన్నటి గీతగా కనిపిస్తుంది. ఎంత పలచటి చిప్పకైనా మందం అంటూ ఉంటుంది. మీ ముద్రలో రాయి తప్ప ఏమీ ఉండదు, లోపలి వైపూ బయటి వైపూ ఒకటే రంగు, ఒకటే రేణువు.

మన దేశంలో అసలైన కేంబ్రియన్ బ్రాకియోపాడ్లు కావాలంటే హిమాలయాలకు వెళ్లాలి. ముస్సూరీ దగ్గరి తాల్ గ్రూపు, స్పితిలో పరాహియో లోయ. స్పితి కేంబ్రియన్ శిలాజాల మీద శిలాజ శాస్త్రవేత్త కూపర్ రీడ్ 1910లోనే పేలియోంటొలాజియా ఇండికా అనే ప్రచురణలో రాశాడు. ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న సాల్ట్ రేంజ్ కొండల నుంచి వచ్చిన నియోబోలస్ అనే బ్రాకియోపాడ్‌కు వాగెన్ అనే శాస్త్రవేత్త 1885లో పేరు పెట్టాడు. దాని జాతి పేరు వార్తి, అక్కడ శిలాజాలు ఏరిన వార్త్ పేరు మీద పెట్టింది. మీ ట్రేలోవి ఎక్కడివో చీటీ లేక తెలియకపోవడం నాకు నిజంగా బాధ కలిగించింది. చీటీ పోయిన శిలాజం ఊరు పేరు మరిచిపోయిన మనిషితో సమానం. మీ చేతికి వచ్చిన రోజు, ట్రే నంబరు, రాయి రంగు ఇవ్వాళే ఒక కాగితం మీద రాసి పెట్టె అడుగున అతికించండి.

ఇక ట్రే. మీరు అన్నిటికీ ముందుగా ఆకారాన్ని పోల్చారు. గుండ్రం, కోల, ముక్కోణం అని రాసుకున్నారు. తొంభై పాళ్లు తప్పులు అక్కడే మొదలవుతాయి. తొలి కేంబ్రియన్ బ్రాకియోపాడ్లలో సంబంధం లేని వంశాలు ఒకే ఆకారానికి వచ్చాయి, పైగా షేల్‌లో నలిగినప్పుడు ఆకారం ఇంకా మారిపోతుంది. నేను చూసే వరస ఇది: చిప్ప దేనితో తయారైంది, వెనుక అంచు ఎలా ఉంది, లోపల ఏముంది, పైన నగిషీ ఏమిటి, ఆకారం అన్నిటికన్నా చివర.

పదార్థం ఎందుకు ముందంటే అదే ఉపవిభాగాన్ని చెబుతుంది. మీ నోట్సులో ఇంకా ఆర్టిక్యులేటా, ఇనార్టిక్యులేటా అని రెండు ముక్కలుగా ఉన్నట్టుంది. వెనక మడతబందుకు పళ్లు ఉన్నవి, లేనివి అని ఆ విభజన. తొలి కేంబ్రియన్‌లో అది తెగదు, ఎందుకంటే కాల్సైట్ (సున్నపు ఖనిజం) చిప్ప ఉండి సరైన పళ్లు లేనివి అక్కడ చాలా ఉన్నాయి. 1996లో విలియమ్స్, కార్ల్‌సన్, బ్రంటన్, హోమర్, పొపోవ్ కలిసి మూడు ఉపవిభాగాలు చేశారు. ఫాస్ఫేట్ చిప్పవి లింగులిఫార్మియా. సున్నపు చిప్ప ఉండీ మడతబందు లేనివి క్రేనియిఫార్మియా. కాల్సైట్ చిప్ప, వెనక ఏదో ఒక రకం బందు ఉన్నవి రింకొనెల్లిఫార్మియా. మీ ట్రేకు మొదటిదీ మూడోదీ చాలు.

కంటితో ఎలా పోల్చుకోవాలి? ఫాస్ఫేట్ చిప్పను చింతపిక్కతో పోల్చి చూడండి. అదే ముదురు గోధుమ, అదే నునుపు, అదే మెరుపు. విరిగిన అంచున చింతపిక్క పైపొర లేచినట్టు పలచటి రేకులు కనిపిస్తాయి. కాల్సైట్ చిప్ప చుట్టూ ఉన్న రాయి రంగులోనే ఉంటుంది, విరిగితే చక్కెర పలుకులా తళుక్కుమంటుంది. పనికిరాని పెచ్చు మీద సూది మొనతో పలచటి హైడ్రోక్లోరిక్ యాసిడ్ చుక్క పెట్టండి, కాల్సైట్ బుసబుస పొంగుతుంది, ఫాస్ఫేట్ దాదాపు కదలదు. ఒక్క జాగ్రత్త: కాల్సైట్ చిప్ప లోపలి వైపు ఫాస్ఫేట్ పూతలా పేరుకున్న సందర్భాలు కేంబ్రియన్‌లో కొల్లలు. పూత అయితే గోడకు వేసిన సున్నంలా ఒకే ముద్ద. అసలు ఫాస్ఫేట్ చిప్పకు రేకులుంటాయి.

యాసిడ్ మాట వచ్చింది కనుక నా అనుభవం చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ముస్సూరీ నుంచి తెచ్చిన ఒక సున్నపురాయి ముక్క నా చేతికి వచ్చింది. అంచున మూడు నల్లటి చిప్పలు మెరుస్తున్నాయి. త్వరగా బయటికి తీద్దామని ముక్కను మొత్తంగా హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో వేశాను. తెల్లారి చూస్తే బీకరు అడుగున బురద తప్ప ఏమీ లేదు. ఫాస్ఫేట్ పొంగకపోవచ్చు, కానీ ఆ యాసిడ్‌లో సున్నంతో పాటు అదీ కరిగిపోతుంది. ఆ మూడు చిప్పలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. అందుకే చెబుతున్నాను: చుక్క పరీక్షకు హైడ్రోక్లోరిక్, రాయి కరిగించడానికి మాత్రం అసిటిక్ యాసిడ్, పది శాతానికి మించకుండా. ప్లాస్టిక్ బకెట్‌లో జల్లెడ మీద ముక్కను ఉంచి మునిగేలా పోయాలి. పాత ద్రావణం కొంత కొత్తదానిలో కలిపితే అందులోని కాల్షియం అసిటేట్ చిప్పలను కాపాడుతుంది. కొన్ని రోజులకోసారి అడుగు మట్టిని మెల్లగా కడిగి, ఆరబెట్టి, తడి బ్రష్ కొనతో ఒక్కొక్కటీ ఏరుకోవాలి. ఇది ఫాస్ఫేట్ చిప్పలకే. కాల్సైట్ చిప్ప ఉన్న రాయిని ఏ యాసిడ్‌లోనూ వేయకండి, దాన్ని సుత్తి, సూదితోనే తీయాలి.

ఇప్పుడు వెనుక అంచు. బ్రాకియోపాడ్‌కు రెండు చిప్పలు, కిందిది వెంట్రల్, పైది డోర్సల్. ఆల్చిప్పలో కుడి, ఎడమ చిప్పలు ఒకదానికొకటి అద్దంలో బింబంలా ఉంటాయి. బ్రాకియోపాడ్‌లో ఏ చిప్పకు ఆ చిప్పే నడిమికి మడిస్తే సరిపోతుంది, రెండు చిప్పలు మాత్రం ఒకలా ఉండవు. ఇంగ్లిష్‌లో వీటిని దీపపు చిప్పలంటారు. మన ప్రమిదను గుర్తు చేసుకుంటే చాలు, ఒత్తి బయటికి వచ్చే మూతి ఎక్కడో వెంట్రల్ చిప్ప వెనుక కొన అక్కడ. ఆ కొన దగ్గరి నుంచే కాడ బయటికి వచ్చి జంతువును పట్టి ఉంచుతుంది. కాడ ఎలా బయటికి వచ్చింది అన్న ఒక్క ప్రశ్నకు ఒక్కో వంశం ఒక్కో జవాబు ఇచ్చింది. వెనుక అంచు అంత ముఖ్యం అందుకే.

మీ మూడో నంబరుతో మొదలుపెడతాను, అది నాకు చాలా ఇష్టమైన వంశం. నల్లటి చిప్ప, వెనుక అంచు రూళ్లకర్ర పెట్టి గీసినట్టు తిన్నగా ఉంది, పైన తేనెపట్టులాంటి గుంటలు అన్నారు. ఫాస్ఫేట్ చిప్పకు తిన్నని వెనుక అంచు ఉందంటే అది పేటరినిడ్. ఇవి ఇప్పటికి తెలిసిన బ్రాకియోపాడ్లలో అతి పాతవాటిలో చేరతాయి. సైబీరియాలో టొమ్మోషియన్ (తొలి కేంబ్రియన్‌లో ఒక దశ) నాటి ఆల్డనోట్రెటా వీటిలోదే. చిప్పను నిలబెట్టి వెనుక నుంచి చూడండి. తిన్నని అంచుకూ ముక్కుకూ నడుమ అరుగులాంటి వాలు ఉంటుంది. ఆ అరుగు మధ్యలో ముక్కోణపు గండి, దాని మీద బయటికి ఉబ్బిన మూత. ఆ మూత పేరు హోమియోడెల్టీడియం. ఇది కనిపించాకే నగిషీ చూడాలి. పెరుగుదల వలయాలు తప్ప ఏమీ లేకపోతే పేటరినా, సన్నటి అల్లికలాంటి వలగీతలుంటే మైక్రోమిట్రా, లోతైన గుంటలు వరసల్లో ఉంటే డిక్టియోనినా. మీరు చెప్పిన తేనెపట్టు నిజంగా లోతైనదే అయితే డిక్టియోనినా దగ్గరే ఆగవచ్చు.

మొదటి నంబరు కూడా ఫాస్ఫేటే, కానీ వెనుక అంచు వంపు తిరిగి ఉంది, ముక్కు కింద చిన్న ముక్కోణపు అరుగు, దాని నడుమ గాడి ఉన్నాయన్నారు. ఆ గాడిలోంచే కాడ వచ్చేది. ఇది లింగులిడ్. ఇక్కడి నుంచి జాగ్రత్తగా నడవాలి. అరుగు చిప్ప నేల నుంచి కొంచెం లేచి, పైన ఇసుక చల్లినట్టు సన్నటి పలుకులు ఉంటే ఇయోబోలస్ వైపు వెళ్లవచ్చు. గాడి బదులు విశాలంగా తెరిచి ఉన్న ముక్కోణపు నొక్కు, దాంతో పాటు బొడిపెలు ఉంటే బోట్స్‌ఫోర్డియా. గాడి మూసుకుపోయి కోలగా ఒక రంధ్రం మిగిలి ఉంటే లింగులెల్లోట్రెటా. చైనాలో యునాన్‌లోని చెంగ్‌జియాంగ్‌లో సుమారు 51.8 కోట్ల ఏళ్ల నాటి లింగులెల్లోట్రెటాలకు ఆ రంధ్రంలోంచి పొడుగాటి కాడ సైతం మిగిలింది. ఇయోబోలస్ అని గట్టిగా అనాలంటే ముక్కు కొన మీది తొలి చిప్పను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూసి సూక్ష్మమైన గుంటలు ఉన్నాయని రూఢి చేసుకోవాలి. మీ విభాగంలో ఆ సౌకర్యం లేకపోతే రికార్డులో 'లింగులిడ్, ఇయోబోలస్ కావచ్చు' అని రాయండి. అది తక్కువ జవాబు కాదు, చూసినంత మేరకే చెప్పిన జవాబు.

పేర్లతో ఇంకో చిక్కు ఉంది, ఏటా ఎవరో ఒకరు పడతారు. ఓబోలస్, ఇయోబోలస్, నియోబోలస్ ఫాస్ఫేట్ చిప్పలవి. ఓబోలెల్లా మాత్రం కాల్సైట్ చిప్పది, ఉపవిభాగమే వేరు. ఓబోలస్ అంటే పాతకాలపు గ్రీకు చిల్లర నాణెం. గుండ్రంగా చిన్నగా ఉన్న ప్రతిదానికీ ఆ పేరు అంటించారు. పేర్ల పోలికను చుట్టరికం అనుకోకండి.

రెండో నంబరు, స్లైడు మీద అతికించిన మిల్లీమీటరు శంఖువు. ఫాస్ఫేట్, కొన మీద సూదిబెజ్జమంత రంధ్రం. ఇది ఎక్రోట్రెటిడ్ వెంట్రల్ చిప్ప కావడానికే అవకాశం ఎక్కువ. లింనార్సోనియా, ఇయోహాడ్రోట్రెటా లాంటివి ఈ గుంపులోవి. దీని డోర్సల్ చిప్ప దాదాపు చదును, లోపల నడుమ నిలువు గట్టు ఉంటుంది. అదే స్లైడు మీద అలాంటి చదును పెచ్చు ఏదైనా ఉందేమో వెతకండి, రెండూ కలిస్తే సందేహం ఉండదు. రంధ్రం సహజమైనదా, వేటాడే జంతువు తొలిచినదా అన్నది కూడా చూడాలి, కేంబ్రియన్‌లో తొలిచిన చిప్పలు ఉన్నాయి. కాడ రంధ్రం సరిగ్గా కొన దగ్గరే ఉంటుంది, దాని అంచును పట్టుకునే చిప్ప పెరిగి ఉంటుంది. తొలిచిన కన్నం ఎక్కడైనా పడవచ్చు, పెరుగుదల గీతలను మధ్యలో తెగ్గొట్టి పోతుంది. టోపీలాంటి నత్తలను, హయోలిత్‌ల (శంఖువులాంటి గొట్టంలో బతికిన పాతకాలపు సముద్రజీవులు) మూతలను కూడా ఈ గుంపులో కలిపేస్తుంటారు. హయోలిత్ మూత లోపలి వైపు కొమ్ముల్లా పొడుచుకొచ్చిన భాగాలుంటాయి, బ్రాకియోపాడ్‌లో అవి ఉండవు.

నాలుగో నంబరు బూడిదరంగు, యాసిడ్ చుక్కకు పొంగింది, అడ్డంగా ముడతలు, ఒక చిప్ప బాగా ఉబ్బెత్తు, రెండోది చదును. కాల్సైట్ అని తేలింది కనుక పై కథలేవీ దీనికి వర్తించవు. ఈ పోలికలన్నీ కుటోర్జినా వైపు వేలు చూపుతున్నాయి. ముడతలు కాక ముక్కు నుంచి విచ్చుకునే కమ్ములు, వాటి మీద ముళ్ల మొదళ్లు ఉంటే నిసూసియా. రెండూ కుటోర్జినేటా అనే ఒకే గుంపులో చేరతాయి. ఉబ్బిన చిప్ప కొన మీద సన్నటి రంధ్రం కనిపిస్తే దాన్ని కాడ రంధ్రం అని వెంటనే రాసేయకండి. కాడ మిగిలి ఉన్న నమూనాల్లో అది రెండు చిప్పల నడుమ వెనుక సందులోంచి వచ్చింది. పాత చిత్రపటాలు గీసినవాళ్లు పొరబడ్డది అక్కడే. ముడతలూ లేక, గుండ్రంగా, రెండు చిప్పలూ ఉబ్బి ఉంటే మాత్రం ఓబోలెల్లాను పరిశీలించండి.

ఐదో నంబరు మీద మీకు ఉన్న సందేహమే సరైనది. చిక్కుడు గింజలా ఉంది, రెండు సగాలు, వెనుక అంచు తిన్నగా ఉంది, నల్లగా మెరుస్తోంది, ఒక చివర బొడిపె ఉంది. తిన్నని వెనుక అంచు, ఫాస్ఫేట్ అనగానే పేటరినిడ్ అనిపిస్తుంది. లెన్సు కింద పెరుగుదల గీతల కోసం వెతకండి. బ్రాకియోపాడ్ పుట్టినప్పటి నుంచి చచ్చేదాకా ఒకే చిప్పకు అంచు చేర్చుకుంటూ పోతుంది, కనుక గీతలు ఉండి తీరాలి. పాము కుబుసం విడిచినట్టు చిప్ప మొత్తం విడిచి కొత్తది కట్టుకునే జంతువుకు ఆ గీతలు ఉండవు. మీ ఐదోదానికి లేవనే నా అంచనా, అలాగైతే అది బ్రాడోరిడ్, రొయ్యలూ ట్రైలోబైట్ల (అంతరించిపోయిన కీళ్ల కాళ్ల సముద్రజీవులు) వైపు చుట్టం. ఒక్కో సగాన్ని నడిమికి మడిచి చూడండి, సరిపోదు.

ట్రేను ఇంకోసారి పట్టేటప్పుడు చిప్పలను పైనుంచి ఫొటో తీసి ఊరుకోకుండా, గ్రీజు ముద్దలో నిలబెట్టి వెనుక వైపు నుంచి, వెలుతురు ఎడమ పక్క నుంచి తక్కువ ఎత్తులో పడేలా తీయండి. మూడో నంబరు అరుగు మీద ఉబ్బెత్తు మూత కనిపిస్తోందో లేదో నాకు తప్పకుండా రాయండి.